టెంప్లేట్‌కి వెబ్ సర్వర్ ఎవరో తెలియకూడదు: లువా పేజీల నుంచి బ్యాకెండ్‌ని విడదీయడం ఎలా

మీ దగ్గర హెచ్‌టీఎంఎల్ పేజీలున్నాయి, వాటి మధ్యమధ్యలో <% %> గుర్తుల నడుమ లువా అనే ప్రోగ్రామింగ్ భాష కోడ్ ఉంది (ఇలాంటి పేజీలే టెంప్లేట్లు), ఇన్నాళ్ళూ ఒకే వెబ్ సర్వర్ కింద బాగానే నడిచాయి, ఇప్పుడు అవే పేజీలు ఇంకో సర్వర్ మీద కూడా నడవాలి. మీ పరిస్థితి ఇదే అయితే చివరిదాకా చదవండి. మీ టెంప్లేట్ ఇంజిన్, అంటే ఆ పేజీలని నడిపే ప్రోగ్రాం, పీహెచ్‌పీదో రూబీదో అయినా దారి ఇదే. నేను చేసింది లువాలో కాబట్టి ఉదాహరణలు లువావే ఇస్తున్నాను.

మా సంగతి చెప్తే విషయం తొందరగా అర్థమవుతుంది. హైదరాబాద్‌లో చర్లపల్లి వైపు మాది చిన్న యూనిట్, అపార్ట్‌మెంట్లలో బోరు మోటారు, సంపు మోటారు టైముకి ఆన్ ఆఫ్ చేసే కంట్రోలర్ బాక్సులు తయారుచేస్తాం. బాక్సులో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే చిన్న లినక్స్, దాని మీద యూహెచ్‌టీటీపీడీ అనే చిన్న వెబ్ సర్వర్, లువా టెంప్లేట్లతో కట్టిన ఇరవై ముప్ఫై పేజీలు. వాచ్‌మన్ ఫోన్లో పేజీ తెరిచి మోటారు టైమింగులు పెట్టుకుంటాడు. తర్వాత కస్టమర్లు ఇంటి బయటి నుంచి కూడా చూడాలన్నారు, దాంతో అవే పేజీలు ఆఫీసు సర్వర్‌లో ఓపెన్‌రెస్టీ (లువా నడిపే ఎన్‌జిన్ఎక్స్ వెబ్ సర్వర్) మీదికి కాపీ చేసి, ఎక్కడెక్కడ పగిలిందో అక్కడక్కడ అతుకులు వేశాం. అంటే ఒకే పేజీకి రెండు కాపీలు. ఒక ఎండాకాలం నిజాంపేట వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్ వాళ్ళు మా సర్వర్ నుంచి షెడ్యూల్ మార్చారు, "సేవ్ అయింది" అని పచ్చగా కనబడింది, కానీ బాక్సులో పడింది ఖాళీ షెడ్యూల్. పొద్దున్నే ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్ళు లేవు, వాళ్ళు ట్యాంకర్ బుక్ చేసుకోవాల్సి వచ్చింది. మా కుర్రాడు ఫోన్ చేసి "అన్నా, బాక్స్ పేజీలో పెడితే సేవ్ అవుతోంది, మన సర్వర్ నుంచి పెడితే ఖాళీ పోతోంది" అన్నాడు. పేజీ ఒకటే, లాజిక్ ఒకటే, తేడా వచ్చింది సర్వర్ దగ్గర బాడీ, అంటే ఫారం నింపి పంపిన సమాచారం, చదివే తీరులో. దాని కారణం కింద ఓపెన్‌రెస్టీ దగ్గర చెప్తాను. ఆ రోజే అతుకులు ఆపేసి బ్యాకెండ్‌ని, అంటే సర్వర్‌తో మాట్లాడే భాగాన్ని, పేజీల నుంచి విడదీయడం మొదలుపెట్టాం.

ముందు లీకులు వెతకండి

కోడ్ ఏమీ ముట్టుకోకుండా, మీ టెంప్లేట్లన్నిట్లో వెబ్ సర్వర్ పేరు ఎక్కడెక్కడ దూరిందో వెతికి రాసుకోండి. సీజీఐ అంటే సర్వర్ ప్రతి రిక్వెస్ట్‌కీ ఒక ప్రోగ్రాంని నడిపి అది రాసింది పంపే పాత పద్ధతి, మా బాక్సులో ఉన్నది అదే. దాని కింద పుట్టిన పేజీల్లో ఐఓ డాట్ రైట్, ప్రింట్, ఓఎస్ డాట్ గెట్ఎన్వ్, ఓఎస్ డాట్ ఎగ్జిట్ దొరుకుతాయి. ఓపెన్‌రెస్టీ పేజీల్లో ఎన్‌జీఎక్స్ డాట్ తో మొదలయ్యేవన్నీ దొరుకుతాయి. పది చోట్ల ఉంటాయేమో అనుకుని కూర్చున్నాం, నోటుబుక్కులో మూడు పేజీలు నిండాయి.

రాసుకున్నాక వాటిని చేసే పనిని బట్టి విడదీయండి. రిక్వెస్ట్ గురించి అడిగేవి, ఫారం బాడీ చదివేవి, స్టేటస్, హెడర్ పంపేవి, పేజీ సరుకు రాసేవి, మధ్యలో ఆగిపోయేవి, లాగ్ రాసేవి. దాదాపు ఏ పేజీ తీసుకున్నా సర్వర్‌తో దానికున్న పని ఈ ఆరింట్లోకి వచ్చేస్తుంది. రానివి ఏమైనా మిగిలితే, ఉదాహరణకి టెంప్లేట్ మధ్యలోంచి షెల్ కమాండ్ నడిపి మోటారు స్థితి తెచ్చుకోవడం లాంటివి, వాటిని వేరే కాగితం మీద పెట్టండి. అవి టెంప్లేట్‌లో ఉండాల్సినవే కావు.

ఇంజిన్ లోపల ఏం జరుగుతుందో ఒకసారి చూడండి

ఇది వదిలేసి ముందుకెళ్తే తర్వాత చాలా తలనొప్పి, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఇలాంటి ఇంజిన్ చేసే పని నిజానికి చిన్నది. టెంప్లేట్ ఫైలుని తీసుకుని లువా ప్రోగ్రాంగా మార్చుతుంది. గుర్తుల బయట ఉన్న హెచ్‌టీఎంఎల్ ముక్క ప్రతిదీ ఒక "రైట్" పిలుపు అవుతుంది, <%= %> లోపలిది విలువగా మారి అదీ రైట్‌కే వెళ్తుంది, <% %> లోపలిది ఉన్నదున్నట్టు కోడ్‌గా కూర్చుంటుంది. కాబట్టి మొత్తం పేజీకి, సర్వర్‌కి మధ్య ఉన్న కుట్టు ఆ రైట్ అనే ఒక్క పేరే. ఆ పేరు ఐఓ డాట్ రైట్ అని ఇంజిన్‌లో బిగించి ఉంటే పేజీ సీజీఐకి అతుక్కుపోయింది, ఎన్‌జీఎక్స్ డాట్ ప్రింట్ అని ఉంటే ఓపెన్‌రెస్టీకి అతుక్కుపోయింది. ఆ పేరుని బయటి నుంచి అందించగలిగితే సగం పని అయిపోయినట్టే.

హెచ్‌టీఎంఎల్ ముక్కల్ని లువా స్ట్రింగులుగా మార్చేటప్పుడు జోడు చదరపు బ్రాకెట్లు వాడకండి. ముక్కలోనే మూసే జోడు బ్రాకెట్ ఉంటే, జావాస్క్రిప్ట్ ఉన్న పేజీల్లో ఇది తరచూ వస్తుంది, స్ట్రింగ్ మధ్యలోనే తెగిపోతుంది. పైగా బ్రాకెట్ వెంటనే వచ్చే మొదటి కొత్త లైనుని లువా మింగేస్తుంది. స్ట్రింగ్ డాట్ ఫార్మాట్‌లో కోట్ చేసే పద్ధతి, అంటే శాతం గుర్తు పక్కన క్యూ, అదే వాడండి. అది కొత్త లైన్లని అలాగే ఉంచుతుంది కాబట్టి ఎర్రర్ వచ్చినప్పుడు చూపించే లైన్ నంబరు మీ టెంప్లేట్ ఫైలు లైన్ నంబరుతో సరిపోతుంది. కంపైల్ చేసేటప్పుడు చంక్ (ఒకేసారి కంపైల్ అయ్యే కోడ్ ముక్క) పేరుగా @ గుర్తు పెట్టి ఫైలు పేరు ఇవ్వడం కూడా మరవద్దు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. రైట్‌ని ఎలా అందించాలి? చాలామంది మొదట చేసేది ఎన్విరాన్‌మెంట్ టేబుల్‌లో, అంటే ఫంక్షన్‌కి కనపడే గ్లోబల్ పేర్ల టేబుల్‌లో పెట్టి, కంపైల్ అయిన ఫంక్షన్‌కి సెట్ఎఫ్ఎన్వ్ అనే లువా ఫంక్షన్‌తో తగిలించడం. సీజీఐలో ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్త ప్రాసెస్ పుట్టి చస్తుంది కాబట్టి దీంతో ఏ ఇబ్బందీ రాదు. ఓపెన్‌రెస్టీలో వర్కర్ ప్రాసెస్ రోజుల తరబడి బతికే ఉంటుంది, కంపైల్ చేసిన పేజీని మీరు క్యాష్‌లో పెట్టుకుంటారు, ఒకే వర్కర్‌లో చాలా రిక్వెస్టులు వంతులవారీగా నడుస్తుంటాయి. మొదటి కస్టమర్ పేజీ సగం రాసి డేటా కోసం ఆగిందనుకోండి, ఆ సందులో రెండో కస్టమర్ రిక్వెస్ట్ వచ్చి అదే ఫంక్షన్‌కి తన ఎన్విరాన్‌మెంట్ తగిలించింది. మొదటిది మళ్ళీ లేచి మిగతా సగం రాస్తే అది రెండోవాళ్ళ పేజీలోకి పోతుంది. ఒకరి ఇంటి వివరాలు ఇంకొకరికి కనపడతాయి. టెస్టింగ్‌లో ఒక్కరే నొక్కుతూ ఉంటే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు.

దీనికి మందు చాలా సులువు. తయారయ్యే లువా ప్రోగ్రాం మొదట్లోనే "లోకల్ రైట్, కాంటెక్స్ట్ = మూడు చుక్కలు" అని ఒక వాక్యం చేర్చండి. లువాలో ప్రతి చంకూ ఒక ఫంక్షనే, మూడు చుక్కలంటే దానికి వచ్చిన ఆర్గ్యుమెంట్లు. పేజీని పిలిచినప్పుడల్లా ఆ రిక్వెస్ట్ తాలూకు రైట్‌ని, కాంటెక్స్ట్‌ని (పేజీకి కావాల్సిన విలువలు, ఫంక్షన్లు ఉండే టేబుల్) ఆర్గ్యుమెంట్లుగా ఇస్తారు, అవి లోకల్స్ కాబట్టి ఒకదానివి ఇంకోదానికి తగలవు. ఆ వాక్యాన్ని మొదటి లైన్‌లోనే, కొత్త లైన్ కొట్టకుండా పెట్టండి, లేకపోతే లైన్ నంబర్లన్నీ ఒకటి జరుగుతాయి.

ఎన్విరాన్‌మెంట్‌ని మాత్రం కంపైల్ సమయంలో ఒక్కసారే తగిలించి తర్వాత ముట్టుకోకండి. అందులో పేజీలకి కావాల్సిన స్ట్రింగ్, టేబుల్, మ్యాథ్, పెయిర్స్ లాంటివే ఉంచండి, కొత్త పేరు ఏదైనా రాయబోతే ఎర్రర్ వచ్చేలా మెటాటేబుల్ (టేబుల్ ప్రవర్తనని మార్చే ఇంకో టేబుల్) పెట్టండి. లోకల్ అని రాయడం మర్చిపోయిన వేరియబుల్స్ అన్నీ అక్కడే దొరుకుతాయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలోది లువా 5.1, దాంట్లో సెట్ఎఫ్ఎన్వ్ వాడాలి. ఓపెన్‌రెస్టీలోది లువాజిట్ అనే వేగమైన లువా, దాంట్లో కోడ్‌ని కంపైల్ చేసే లోడ్ ఫంక్షన్‌కి నాలుగో ఆర్గ్యుమెంట్‌గా ఎన్విరాన్‌మెంట్ ఇవ్వొచ్చు. రెండింటినీ కలిపే నాలుగు లైన్ల ఫంక్షన్ ఒకటి రాసిపెట్టుకోండి.

ఒప్పందం రాయండి

బ్యాకెండ్ ఇంజిన్‌కి ఏమివ్వాలి, ఇంజిన్ బ్యాకెండ్‌కి ఏమివ్వాలి అన్నది ఒక పేజీ కాగితం మీద పట్టాలి. మన ముందువాళ్ళందరూ ఇదే చేశారు. పీహెచ్‌పీ 2000లో వచ్చిన 4వ వెర్షన్ నుంచి శాపీ అనే పొరతో నడుస్తోంది, అందులో రాయి, ఫ్లష్ చెయ్యి, హెడర్లు పంపు, పోస్ట్ చదువు, కుకీలు చదువు అనే ఫంక్షన్ల జాబితా ఉంటుంది, అపాచీకి ఒకటి, ఎఫ్‌పీఎం అనే పీహెచ్‌పీ ప్రాసెస్ మేనేజర్‌కి ఒకటి, కమాండ్ లైన్‌కి ఒకటి ఆ జాబితాని నింపి ఇస్తాయి. పైథాన్ వాళ్ళు 2003లో డబ్ల్యూఎస్‌జీఐ అనే ఇలాంటి ఒప్పందం రాసుకున్నారు, రూబీ వాళ్ళకి 2007లో ర్యాక్ వచ్చింది. లువాలో మనకి దగ్గరి ఉదాహరణ లూసీ, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వెబ్ ఇంటర్‌ఫేస్, 2008లో జర్మనీలో ఉచిత వైర్‌లెస్ నెట్‌వర్కులు నడిపే ఫ్రైఫుంక్ వాళ్ళు మొదలుపెట్టింది. లువాలో ఉన్న దాని కోడ్‌లో ఎస్‌జీఐ అనే ఫోల్డర్ తెరిచి చూడండి, సీజీఐకి ఒక ఫైలు, యూహెచ్‌టీటీపీడీకి ఒక ఫైలు, రెండూ చిన్నవే. పేజీ ఒక కోరొటీన్‌గా, అంటే మధ్యలో ఆగి మళ్ళీ సాగగలిగే ఫంక్షన్‌గా నడుస్తూ అంకెలు బయటికి ఇస్తుంది, 1 అంటే స్టేటస్, 2 అంటే ఒక హెడర్, 3 అంటే హెడర్లు అయిపోయాయి, 4 అంటే బాడీ ముక్క, 5 అంటే ముగిసింది. బ్యాకెండ్ ఆ అంకెని చూసి తన సర్వర్‌కి ఎలా చెప్పాలో అలా చెప్తుంది. ఇంత శుభ్రంగా విడదీసిన కోడ్ చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

అయినా మేం కోరొటీన్లు తీసుకోలేదు, మీకూ వద్దనే చెప్తాను. లువా 5.1లో పీకాల్ (ఎర్రర్ వస్తే పట్టుకునే పిలుపు) లోపలి నుంచి ఈల్డ్ చేస్తే (మధ్యలో ఆగితే) కుదరదు, ఎర్రర్ ఇస్తుంది, అందుకే లూసీ వాళ్ళు దానికి ప్రత్యేకమైన పీకాల్ రాసుకోవాల్సి వచ్చింది. లువాజిట్‌లో ఆ ఇబ్బంది లేదు. అంటే ఆఫీసు సర్వర్‌లో నడిచింది బాక్సులో పగులుతుంది, మనం తప్పించుకోవాలనుకుంటున్నదే అది. మామూలు ఫంక్షన్ల టేబుల్ చాలు.

లోపలికి వచ్చేది ఒక సాదా టేబుల్: మెథడ్, పాత్, క్వెరీ స్ట్రింగ్ ముడిగా, హెడర్లు, క్లయింట్ అడ్రస్, హెచ్‌టీటీపీఎస్ అవునా కాదా, బాడీ చదివే ఫంక్షన్ ఒకటి. ఇందులో సర్వర్ తాలూకు వస్తువు ఒక్కటి కూడా ఉండకూడదు, స్ట్రింగులు, నిజం-అబద్ధాలు, ఒక ఫంక్షన్, అంతే.

హెడర్ల పేర్లని చిన్న అక్షరాల్లోకి, మధ్యలో గీతలతో ఒకే రూపానికి తెచ్చేయండి. సీజీఐ వాటిని పెద్ద అక్షరాల్లో, అండర్‌స్కోర్లతో, ముందు హెచ్‌టీటీపీ అని తగిలించి ఇస్తుంది. కంటెంట్ టైప్, కంటెంట్ లెంగ్త్ మాత్రం ఆ ముందు తగిలింపు లేకుండా వస్తాయి, ఈ రెండింటిని మర్చిపోయి ఫారంలు పనిచేయట్లేదని గంటలు పోగొట్టుకునేవాళ్ళున్నారు. క్లయింట్ "ప్రాక్సీ" అనే హెడర్ పంపితే దాన్ని అక్కడే పారేయండి. సీజీఐలో అది హెచ్‌టీటీపీ ప్రాక్సీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా మారి, మీ ప్రోగ్రాం బయటికి చేసే కనెక్షన్లని ఎవరో ఒకరి మెషిన్ మీదుగా తిప్పేయగలదు, 2016లో హెచ్‌టీటీపాక్సీ పేరుతో పెద్ద గొడవైంది ఇదే.

క్వెరీ స్ట్రింగ్‌ని విడదీసే పని బ్యాకెండ్‌కి ఇవ్వకండి. ఓపెన్‌రెస్టీ ఇచ్చే రెడీమేడ్ ఫంక్షన్‌లో ఒకే పేరు రెండుసార్లు వస్తే విలువ టేబుల్ అవుతుంది, విలువ లేని పేరు వస్తే ట్రూ అవుతుంది, మామూలుగా 100కి మించి తీసుకోదు. మీరు సీజీఐ కోసం రాసుకున్నది ఇంకోలా చేస్తుంది. ముడి స్ట్రింగ్ తీసుకుని ఇంజిన్ వైపే ఒకే కోడ్‌తో విడదీస్తే ఈ తేడాలు పుట్టనే పుట్టవు.

పాత్ దగ్గర ఇంకో మాట. బాక్సులో పేజీ అడ్రస్ సీజీఐ-బిన్ కింద ఉంటుంది, ఆఫీసు సర్వర్‌లో మొదట్లోనే ఉంటుంది. టెంప్లేట్‌లో లింకులు చేత్తో రాస్తే ఒకచోట తెగుతాయి. కాంటెక్స్ట్‌లో లింక్ కట్టే ఫంక్షన్ ఒకటి ఇచ్చి, బ్యాకెండ్ చెప్పిన మొదలుని అది ముందు చేర్చేలా చేయండి.

బయటికి వెళ్ళేవి నాలుగే: స్టేటస్, హెడర్, రైట్, ముగింపు. వీటికి తోడు లాగ్. హెడర్లని పేరు-విలువ టేబుల్‌గా కాకుండా జాబితాగా దాచండి, ఎందుకంటే సెట్-కుకీ ఒకే రెస్పాన్స్‌లో రెండుసార్లు రావచ్చు, పేరుతో దాస్తే రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది.

రాసిందంతా ముందు ఒక టేబుల్‌లో పోగేసి చివర్లో ఒకేసారి పంపడం మంచిదా, వచ్చింది వచ్చినట్టు పంపడం మంచిదా? పోగేయడమే మంచిదని నా అభిప్రాయం. పేజీ మధ్యలో ఎర్రర్ వస్తే ఇంకా ఏదీ బయటికి పోలేదు కాబట్టి శుభ్రంగా 500 (సర్వర్‌లో ఎర్రర్ అనే స్టేటస్) ఇచ్చి మంచి పేజీ చూపించొచ్చు, హెడర్ ఆలస్యంగా పెట్టినా పర్వాలేదు. బాక్సులో ర్యామ్ తక్కువ, నెల రోజుల మోటారు లాగ్ లాంటి పొడుగు పేజీలకి మాత్రం పోగేయకుండా పంపే స్విచ్ ఒకటి పెట్టండి, అది ఆన్ చేశాక హెడర్ పెట్టబోతే ఎర్రర్ ఇవ్వాలి.

మొదట ఉత్తుత్తి బ్యాకెండ్ రాయండి

నిజమైన సర్వర్ల కంటే ముందు రాయాల్సింది ఇదే. ఒక రిక్వెస్ట్ టేబుల్ తీసుకుంటుంది, పేజీ నడుపుతుంది, స్టేటస్, హెడర్లు, బాడీ ఒక టేబుల్‌లో పెట్టి తిరిగిస్తుంది. సర్వర్ లేదు, పోర్ట్ లేదు, కమాండ్ లైన్ మీద నడుస్తుంది.

దీన్ని వాడే ముందు పాత పద్ధతిలో ఉన్న పేజీలన్నిటి అవుట్‌పుట్ ఫైళ్ళలో దాచుకోండి, ఒక్కో పేజీకి రెండు మూడు రకాల రిక్వెస్టులతో. తేదీ, టైము లాంటి మారే విలువలు కాంటెక్స్ట్ నుంచి వచ్చేలా చేసి టెస్టులో ఒకే విలువ బిగించండి. ఇక మీరు ఏం మార్చినా దాచిన ఫైలుతో పోల్చి చూసుకోవచ్చు. మాకు ఈ పోలిక అర నిమిషంలో అయిపోతుంది, ఆ ధైర్యం లేకపోతే మిగతా పని మేం చేసేవాళ్ళం కాదు.

సీజీఐ బ్యాకెండ్

సీజీఐ పాతది, 1993 నాటిది, 2004లో ఆర్ఎఫ్‌సీ 3875గా రాతలోకి వచ్చింది. నియమాలు కొన్నే, కానీ పట్టింపు ఎక్కువ. బాడీ చదివేటప్పుడు కంటెంట్ లెంగ్త్ ఎంత చెప్తే అన్ని బైట్లే చదవండి, "అయిపోయేదాకా చదువు" అని రాయకండి, సర్వర్ అటువైపు ముగింపు చెప్పాలన్న నియమం లేదు కాబట్టి మీ ప్రోగ్రాం అక్కడే ఆగి ఎదురుచూస్తుంది. స్టేటస్‌ని "స్టేటస్" అనే హెడర్‌గానే పంపండి, హెచ్‌టీటీపీ వెర్షన్‌తో మొదలయ్యే లైన్ మీరు రాయకూడదు. హెడర్ల తర్వాత ఖాళీ లైన్, తర్వాత బాడీ.

లాగ్ మాత్రం స్టాండర్డ్ ఎర్రర్‌కే పోవాలి. డీబగ్ కోసం ఎవరో వదిలేసిన ఒక్క ప్రింట్ చాలు, హెడర్ల ముందు పడి పేజీ మొత్తం ఎర్రర్ అయిపోతుంది. ఎన్విరాన్‌మెంట్‌లోంచి ప్రింట్ తీసేస్తే ఆ టెన్షన్ ఉండదు.

ఓపెన్‌రెస్టీ బ్యాకెండ్

ఇప్పుడు నిజాంపేట షెడ్యూల్ సంగతి. ఓపెన్‌రెస్టీలో ముందు రీడ్ బాడీ అనే ఫంక్షన్ పిలవాలి, తర్వాత గెట్ బాడీ డేటాతో తీసుకోవాలి. కానీ బాడీ సైజు బఫర్ కంటే ఎక్కువైతే, 64 బిట్ మెషిన్ల మీద ఆ బఫర్ మామూలుగా 16 కేబీ, ఎన్‌జిన్ఎక్స్ దాన్ని డిస్క్ మీద టెంపరరీ ఫైలులో పెడుతుంది, అప్పుడు గెట్ బాడీ డేటా నిల్ (విలువ ఏమీ లేదు అని) ఇస్తుంది. ఎర్రర్ కాదు, నిల్. మా పాత పేజీ నిల్ అంటే ఖాళీ ఫారం అనుకుని ఖాళీ షెడ్యూల్ సేవ్ చేసింది. చిన్న అపార్ట్‌మెంట్ల షెడ్యూళ్ళు బఫర్‌లో పట్టేసేవి కాబట్టి నెలల తరబడి ఎవరికీ తెలియలేదు, ఎన్నో బ్లాకులు, ఎన్నో మోటార్లు ఉన్న చోటే పగిలింది. కాబట్టి నిల్ వస్తే గెట్ బాడీ ఫైల్ అడగండి, ఫైలు పేరు ఇస్తే దాన్ని తెరిచి చదవండి, అదీ లేకపోతేనే ఖాళీ. ఇది బ్యాకెండ్ ఫైలులో ఒక్కచోట రాస్తే అన్ని పేజీలకీ సరిపోతుంది. దానికి తోడు ఇంజిన్ వైపు ఇంకో కాపలా పెట్టాం, కంటెంట్ లెంగ్త్ సున్నా కంటే ఎక్కువ ఉండి బాడీ ఖాళీగా వస్తే సేవ్ చేయకుండా 400 (రిక్వెస్ట్ తప్పు అనే స్టేటస్) ఇచ్చేస్తుంది.

మిగతావి త్వరగా చెప్తాను. స్టేటస్, హెడర్లు బాడీ కంటే ముందే పెట్టాలి. సెట్-కుకీలు ఒకటి కంటే ఎక్కువుంటే టేబుల్‌గా ఇవ్వాలి. ఎన్‌జీఎక్స్ డాట్ ప్రింట్ స్ట్రింగుల టేబుల్‌ని అలాగే తీసుకుంటుంది కాబట్టి పోగేసినదాన్ని మళ్ళీ అతికించే పని లేదు. అండర్‌స్కోర్ ఉన్న హెడర్లని ఎన్‌జిన్ఎక్స్ మామూలుగా పారేస్తుంది, మీ సొంత హెడర్ పేర్లలో గీతలే వాడండి. కోడ్ క్యాష్ ఆఫ్ చేసే సెట్టింగ్ డెవలప్‌మెంట్ మెషిన్‌లో మాత్రమే ఉండాలి.

వేరే కాగితం మీద పెట్టిన షెల్ కమాండ్లు గుర్తున్నాయా? సీజీఐలో అవి ఆ ఒక్క రిక్వెస్ట్‌నే ఆపుతాయి. ఇక్కడ ఒక కమాండ్ రెండు సెకన్లు తీసుకుంటే ఆ వర్కర్‌లో ఉన్న అందరూ రెండు సెకన్లు ఆగుతారు. డేటా తెచ్చే పని పేజీ మొదలవ్వకముందే చేసి, విలువల్ని కాంటెక్స్ట్‌లో పెట్టి పంపండి.

మధ్యలో ఆగాలంటే

లాగిన్ లేకపోతే ఇంకో పేజీకి పంపేసి ఇక్కడితో ఆపేయాలి, ఇలాంటిది ప్రతి ప్రాజెక్టులో ఉంటుంది. పాత సీజీఐ పేజీల్లో దానికి ఓఎస్ డాట్ ఎగ్జిట్ వాడి ఉంటారు. అదే పేజీ ఓపెన్‌రెస్టీలో నడిస్తే ఆ పిలుపు వర్కర్ ప్రాసెస్‌నే చంపేస్తుంది, అప్పుడు అందులో ఉన్న మిగతా కస్టమర్ల కనెక్షన్లూ తెగుతాయి. లువాలో ఎర్రర్‌కి స్ట్రింగే ఇవ్వాలని లేదు, టేబుల్ కూడా ఇవ్వొచ్చు. కాంటెక్స్ట్‌లో "ఆపు" అనే ఫంక్షన్ పెట్టి, అది ఒక గుర్తింపు టేబుల్‌తో ఎర్రర్ లేపేలా చేయండి, ఇంజిన్ పేజీని పీకాల్‌లో నడుపుతుంది, పట్టుకున్నది ఆ టేబులే అయితే మామూలు ముగింపు, వేరే ఏదైనా అయితే నిజమైన ఎర్రర్. రెండు సర్వర్లలోనూ ఒకేలా పనిచేస్తుంది.

పాత పేజీలని ఒక్కొక్కటిగా తరలించండి

అన్నీ ఒకేరోజు మార్చబోకండి. పాత పేజీలు నడిచేలా ఎన్విరాన్‌మెంట్‌లో దొంగ ఐఓ టేబుల్ ఒకటి పెట్టొచ్చు, అందులో రైట్ ఒక్కటే ఉంటుంది. కానీ మన ఎన్విరాన్‌మెంట్ రిక్వెస్టులన్నిటికీ ఉమ్మడి కదా, అది ఎవరి రైట్‌ని పిలవాలో దానికి తెలియదు. అందుకని తరలింపు పేజీలకి మాత్రం చంక్ మొదటి లైన్‌లో "లోకల్ ఐఓ" అని ఆ రిక్వెస్ట్ రైట్‌తోనే కట్టేయండి. పేజీ లోపల రాసింది ఒక్క అక్షరం మారక్కర్లేదు. అది వాడినప్పుడల్లా ఫైలు పేరు లాగ్‌లో పడేలా చేస్తే ఇంకా ఏ పేజీలు మిగిలాయో తెలుస్తుంది.

రోజుకి ఒకటో రెండో పేజీలు మార్చి, ఉత్తుత్తి బ్యాకెండ్‌తో పోల్చి, బాక్సులో పెట్టి చూసి, అప్పుడు ఆఫీసు సర్వర్‌లో ఉన్న ఆ పేజీ రెండో కాపీని తీసేయండి. తీసేయడం వాయిదా వేయకండి. లాగ్ నిశ్శబ్దం అయ్యాక దొంగ ఐఓని కూడా పీకేయండి. ఆ తర్వాత ఎవరు టెంప్లేట్‌లో ఎన్‌జీఎక్స్ అని రాసినా "గ్లోబల్ నిల్" అని వెంటనే ఎర్రర్ వస్తుంది, మీరు రివ్యూలో పట్టుకోనక్కర్లేదు.

రెండు బ్యాకెండ్లనీ తెలుగుతో పరీక్షించండి

ఇంగ్లిష్ అక్షరాలతో మాత్రమే టెస్ట్ చేస్తే కొన్ని తప్పులు దాక్కుంటాయి. మా పేజీలు చదివేది వాచ్‌మన్లు, అందుకే బటన్లన్నీ తెలుగులో ఉంటాయి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం గుర్తు ఒక్కోటి 3 బైట్లు. "మోటారు" అనే మాటలో గుణింతాలతో కలిపి 6 గుర్తులు, అంటే 18 బైట్లు. లువాలో పొడవు అడిగితే బైట్లే ఇస్తుంది, కంటెంట్ లెంగ్త్‌కి కావాల్సిందీ బైట్లే కాబట్టి అక్కడ హాయి. కానీ బ్లాక్ పేరు పొడుగైందని స్ట్రింగ్ డాట్ సబ్‌తో ఇరవై దగ్గర కోస్తే అక్షరం మధ్యలో తెగి ప్రశ్నార్థకం పడుతుంది. కంటెంట్ టైప్‌లో చార్‌సెట్ యూటీఎఫ్-8 అని ఇంజిన్ వైపు నుంచే పెట్టండి, ఏ సర్వర్ డీఫాల్ట్ ఏముందో చూసుకోనక్కర్లేదు.

అవే రిక్వెస్టులని నిజమైన రెండు సర్వర్లకీ పంపి రెస్పాన్సులు పక్కపక్కన పెట్టి చూడండి. సర్వర్ సొంతంగా చేర్చే తేదీ, సర్వర్ పేరు లాంటి హెడర్లు వదిలేసి మిగతావన్నీ ఒకేలా ఉండాలి. ఖాళీ బాడీ, 20 కేబీ బాడీ, ఒకే పేరు రెండుసార్లు ఉన్న క్వెరీ, తెలుగు పేరున్న ఫారం, రెండు కుకీలు, మధ్యలో ఆగే పేజీ, మధ్యలో పగిలే పేజీ, ఈ ఏడు ఖచ్చితంగా ఉండాలి. చివర్లో రెండు బ్యాకెండ్ ఫైళ్ళనీ తెరిచి పై నుంచి కింద దాకా చదవండి, వాటిలో ఎక్కడైనా హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ కానీ మోటారు అన్న మాట కానీ కనపడితే ఆ లైన్లని ఇంజిన్ వైపుకి మార్చి టెస్టులు మళ్ళీ నడపండి.